సుల్తాన్ల వైపు చాప

పెనుకొండ
1965 ఆగస్టు 29, ఆదివారం

మిద్దె మీది గది నాదైంది. దసరా దాకా మాత్రమే. దసరా పోతూనే వేరుశనగ బుడ్డలు ఆ గదికి రావాలి, అది నాయన షరతు. ఒప్పుకున్నాను. దసరా తర్వాత ఆ గదితో నాకు మాత్రం ఏం పని?

ఊడ్చి, కడిగి, నేల ఆరాక ముగ్గుపిండితో చుక్కలు పెట్టాను. ఈ గోడ నుంచి ఆ గోడకు, జానెడు దూరానికొక చుక్క. అవ్వ మెట్లెక్కి వచ్చి, నడుం మీద చేయి ఆనించుకుని చూసి, ఇంత పెద్ద ముగ్గు ఏ పండక్కని అడిగింది. ముగ్గు కాదవ్వా, యుద్ధభూమి అన్నాను. చుక్కలు మాత్రం తిన్నగా వచ్చినాయిలే అని దిగిపోయింది.

గుర్రం నాలుగు చుక్కలు నడుస్తుంది. ఏనుగు మూడు. కాల్బలం రెండు. ఫిరంగి ఒక్కటే, అదీ లాగడానికి ఎద్దులుంటేనే. దెబ్బ తగిలిందా లేదా అన్నది గవ్వలు చెప్తాయి. ఈ సూత్రాలు నాకూ కౌసల్యకూ తప్ప లోకంలో ఎవరికీ తెలియవు.

రక్కసి తంగడి యుద్ధం జరిగి ఈ ఏటికి నాలుగు వందల ఏళ్ళు. ఆ ఏటి దసరాకు పెద్ద యుద్ధం పెట్టుకుందాం, కృష్ణ దాటడం దగ్గర నుంచి మొత్తం, అని హాస్టల్లో అనుకున్నాం. అన్నది ఆమే. గుర్తుందో లేదో. గుర్తు లేకపోయినా ఫరవాలేదు. నేను చరిత్ర కోసం పెడుతున్నాను.


సెప్టెంబరు 3, శుక్రవారం

కౌసల్య సైన్యం ఉన్న గోనెసంచి విప్పాను. విప్పగానే పట్టు వాసన. ధర్మవరంలో వాళ్ళ నాయన మగ్గాల దగ్గర దారం ఖాళీ అయిన కండెలు అవన్నీ. నిజాంషా వాళ్ళకు ఆకుపచ్చ పట్టుదారం చుట్టింది, ఆదిల్షా వాళ్ళకు పసుపు, కుతుబ్షా వాళ్ళకు నేరేడు రంగు. సర్దారులకు తలపాగాల్లాగా తెగిన జరీ ముక్కలు. నా సైన్యం చెరువు మట్టితో చేసి పొయ్యిలో కాల్చింది. పక్కపక్కన పెడితే మావాళ్ళు పెళ్ళికి పిలవని చుట్టాల్లాగా ఉన్నారు.

అనంతపురం కాలేజీలో మేం మొదటి ఏడు బి.ఏ. చదువుతున్నప్పుడు మొదలైంది ఇదంతా. మా లెక్చరరు ఆ యుద్ధాన్ని పావుగంటలో ముగించి, విజయనగరం కూలిపోయిందని చెప్పి, సుద్దముక్క బల్ల మీద పడేసి వెళ్ళిపోయాడు. సాయంత్రం హాస్టల్లో నేను ఊరుకోలేక, రామరాయలు ఆ ముసలి వయసులో పల్లకిలో కాక గుర్రం మీద ఉండుంటే గెలిచేవాడని అన్నాను. పక్క మంచం మీది అమ్మాయి లేచి కూర్చుని, యాడ గెలుస్తాడో చూపించు అంది. అంతకుముందు మేం సరిగ్గా మాట్లాడుకున్నది కూడా లేదు. చింతపిక్కలు పరిచాం. ఆరు గవ్వలు ఎవరి దగ్గరో అడిగి తెచ్చాం. ఎన్ని వెల్లకిలా పడితే అన్ని దెబ్బలు. గంటలో ఆమె నా రాయలను చంపేసింది.

తర్వాత కూడా ఎప్పుడూ ఆమే. నేను ఒక్కసారైనా గెలవలేదు. ఓసారి నాకు జ్వరమొచ్చి లేవలేకపోతే బల్లను మంచం పక్కకు లాగి ఆడించింది. ఈ రోజుకు వెంకటాద్రిని వదిలెయ్ అని బతిమాలాను. "జరం నీకొచ్చింది రాయలూ, నీ తమ్మునికి రాలేదు" అని గవ్వలు వేసింది. వెంకటాద్రి పోయాడు. ఆ రాత్రి నా నుదుటి మీద తడిగుడ్డ మార్చిందీ ఆమే.

మా ఊరిని వదిలేది కాదు. యుద్ధంలో అన్న చనిపోయాక తిరుమలరాయలు ఖజానా ఏనుగులకెత్తించి వచ్చింది పెనుకొండకే కదా. "ఓడిపోయినోళ్ళు గూడా కాదు మే మీరు, పారిపొయ్యొచ్చినోళ్ళు" అనేది.

పెళ్ళికి ముందు రోజు ధర్మవరం వెళ్ళాను. ఇంటినిండా జనం. చేతులకు గోరింటాకుతో ఆమె నన్ను మగ్గం గదిలోకి లాక్కెళ్ళి ఈ సంచి చూపించింది. "రేపు నన్ను కదిరోళ్ళకు అప్పగిస్తారు. ఈ పొద్దు నేను వీళ్ళను నీకు అప్పగిస్తాండా. నేనొచ్చి కూర్చునేదాకా పద్రం."

రెండేళ్ళు దాటింది. సంచి ముడి ఇవాళే విప్పాను. దుమ్ము దులపడానికే.


సెప్టెంబరు 9, గురువారం

నాయన బెల్లం బేరానికి హిందూపురం వెళుతుంటే నేనూ రైలెక్కాను. నాకు ఏనుగులు కావాలి. నేను చేసినవన్నీ పందుల్లాగా వచ్చాయి.

బజారులో బొమ్మలమ్మే ఆవిడ సగం కన్నడం సగం తెలుగు. కొలువుకా అని అడిగింది. యుద్ధానికి అన్నాను. ఆమె ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "పూజకైతే తొండం పైకెత్తినేటివి ఏరుకో. యుద్ధానికైతే ఏదైనా ఒకటే తాయీ, యాడైనా ఇరిగిపొయ్యేదే కదా" అంది. తొండం ఎత్తినవీ దించినవీ కలిపి తెచ్చాను.

హోటల్లో రేడియో చుట్టూ మగవాళ్ళు. లాహోరు వైపు టాంకులట. కాఫీ కప్పులు చేతుల్లోనే చల్లారిపోతున్నాయి. తిరిగి వచ్చేటప్పుడు రైల్లో నాయన నా ఏనుగుల బుట్టను తన ఒళ్ళోనే పెట్టుకున్నాడు, కుదుపుకి విరుగుతాయని. స్టేషను దగ్గరపడుతుండగా అన్నాడు: "ఆడ నిజంగా పిల్లోళ్ళు సస్తాండారు. ఈడ నా కూతురు ఏనుగులు కొంటాండాది." కోపంగా అనలేదు. కోపంగా అనుంటే ఏదో ఒకటి చెప్పేదాన్ని.


సెప్టెంబరు 15

వాన. ఏమీ లేదు. వెంకటాద్రి గుర్రానికి తోక విరిగింది.


సెప్టెంబరు 20, సోమవారం

కదిరి నుంచి కార్డు. దసరాకు అత్తగారితో ధర్మవరం వస్తోంది. శనివారం, రెండో తారీఖు, పొద్దుటి బండికి ఇక్కడికి వచ్చి సాయంత్రం బండికి పోతుందట. అమ్మానాన్నలను, అవ్వను అడిగింది. సుల్తాన్ల ఊసు లేదు. కార్డంటే అందరూ చదివేదే కదా. అత్తగారింట్లో కూర్చుని సుల్తాన్ల గురించి ఎవరు రాస్తారు?

రెండో తారీఖు అష్టమికి ముందు రోజు. ఆడడానికి మధ్యాహ్నమంతా ఉంటుంది. నది దాటడం త్వరగా ముగించాలి.


సెప్టెంబరు 23

పాకిస్తాన్‌తో యుద్ధం ఆగిపోయిందట. నాయన రెండుసార్లు చెప్పాడు. రెండోసారి మిద్దె మీదికి వచ్చి చెప్పాడు.


సెప్టెంబరు 26, ఆదివారం

బొమ్మలు కూర్చున్నాయి. కొలువు ఆచారం అవ్వ తన పుట్టిల్లు మడకశిర నుంచి తెచ్చుకున్నది. ప్రతి ఏడూ కింద వసారాలో పెట్టేది. ఈసారి నా గదిలో, పడమటి గోడకు. అది మా ఒప్పందం. అవ్వ రాజూరాణీ మెట్ల మీద ఉంటారు, వాళ్ళ ముందు నేలంతా నా యుద్ధం. పేరంటానికి వచ్చినవాళ్ళు రెండూ చూస్తారు. అమ్మకు ఇది ఇష్టం లేదు. ఎవరేమనుకుంటారో అని మిద్దె మెట్ల మీదే ఆగిపోయింది.

అనుకోవడానికేం, అనుకున్నారు. ఒకావిడ ఇందులో రాముడెవరు రావణుడెవరని అడిగింది. ఇంకొకావిడ నిజాంషాను చూసి, ఈ ఆకుపచ్చ ధర్మవరం రంగే, మా పెద్దకోడలి చీర ఇదే అంది. ఆ మాటకు నాకు ఎందుకో సంతోషమైంది.

అమ్మ పాత నీలం చీర మడతపెట్టి పరిస్తే కృష్ణ అయింది. రేవులన్నిటి దగ్గరా మావాళ్ళను కాపలా పెట్టాను. సుల్తాన్లు నది వెంట అటూ ఇటూ తిరిగి, వేరే రేవు వెతుకుతున్నట్టు నటించి, మావాళ్ళు కాపలా వదలగానే వెనక్కొచ్చి దాటుతారు. అలా నటించాల్సింది కౌసల్య. ఆమె కండెలను నేను కదపను. ఒడ్డున నిలబెట్టానంతే.

రెండు చాపలు వేశాను. దక్షిణం వైపు నాది, ఉత్తరం వైపు ఆమెది. దిక్కులు తప్పకూడదన్నది మా మొదటి సూత్రం. అవ్వ కాళ్ళు నొప్పులని ఉత్తరం చాప మీద కూర్చోబోతే వద్దన్నాను.

"ఆడ యెవురు కూర్చుంటారు మే?"

"సుల్తాన్లు."

అవ్వ నన్ను కాసేపు చూసి, కొలువు మెట్టు పక్కన కటిక నేల మీదే కూర్చుంది. తర్వాత నాకే సిగ్గేసి దిండు తెచ్చి వేశాను.


సెప్టెంబరు 29

చేతులు ఊరుకోక గవ్వలు వేసి చూశాను. నాకు కుడిచేత్తో, ఆమెకు ఎడమచేత్తో. నేను గెలిచాను. ఇది లెక్కలోకి రాదు.


అక్టోబరు 2, శనివారం

స్టేషను దగ్గర పోస్టు డబ్బాలో పిన్నికి రాసిన కార్డు వేయాలి కాబట్టి పొద్దుట అటు వెళ్ళాను. బండి వచ్చింది. కోళ్ళ గంపతో ఒక ముసలాయన, ఇద్దరు రెవెన్యూ గుమాస్తాలు, చంకలో బిడ్డతో ఒకావిడ. ఆవిడ నడక చూసి ఒక్క క్షణం నిలబడిపోయాను. కాదు.

అమ్మ ఓళిగలు చేసింది. సాయంత్రం బండి కూడా చూశాను. సాయంత్రం బండికి వస్తే ఇక ఆడేదెప్పుడు, పోయేదెప్పుడు? అయినా చూశాను.

ఓళిగలు నేనే ఎక్కువ తిన్నాను.


అక్టోబరు 3, ఆదివారం

ఎదురుచూడడం మానేశాను. రాసి పెడుతున్నాను కాబట్టి అబద్ధం కాదు.

రేపు ఆయుధ పూజ. కొడవళ్ళు, నాగలి కర్రులు, నాయన సైకిలు కడిగి వసారాలో పెట్టారు. అవ్వ మిద్దె మీదికి వచ్చి, నేలంతా ఒకసారి చూసి, వీటికి కూడా చేద్దామా అని అడిగింది. బొమ్మలు కదవ్వా అన్నాను. "యుద్ధంలో ఉండేటివే ఆయుధాలు కాకపోతే, మీ నాయన సైకిలా?" అంది. పూజ చేశాక దశమి దాకా ఏ పనిముట్టునూ తాకకూడదు, ఆడకూడదు. ఆ సంగతి అవ్వ మళ్ళీ చెప్పింది. నాకు తెలుసు. సరేనన్నాను.

ఎవరు ఆడతారని?


అక్టోబరు 4, సోమవారం

వరసగా రాయాలి. లేకపోతే రేపటికి నేను మార్చేసుకుంటాను.

పొద్దున్నే తలస్నానం చేసి నేనే పూజ చేశాను. ఫిరంగి ఫిరంగికీ గంధం, కుంకుమ. కండె కండెకూ చిన్న బొట్టు. అవ్వ ఏనుగుల మీద తలా ఒక బంతిపువ్వు పెట్టింది. అవి పువ్వుల కింద మాయమయ్యాయి. హారతిచ్చి, రేపు జమ్మికి పోయొచ్చేదాకా ఎవురూ తాకగూడదు అని కింద పొలాలకు కూడా వినపడేలా చెప్పింది.

పన్నెండు దాటాక వాకిట్లో జట్కా ఆగింది. కౌసల్య. వెనక ఆమె అత్తగారు నారాయణమ్మ.

శనివారం ఎవరో చుట్టాలు వచ్చారట, కదలలేకపోయిందట. ఇవాళ తెల్లవారుజామునే మగ్గాలకు పూజ అయిపోయింది, ఇంకెవరూ నేత ముట్టుకోరు, ఇల్లంతా ఖాళీ, అందుకని బయలుదేరారు. పూజ వల్లే వచ్చింది. రాస్తుంటే ఇప్పుడు నవ్వొస్తోంది.

కొంచెం ఒళ్ళు చేసింది. ఎడమచేతి చూపుడువేలి మీద ఎప్పుడూ ఉండే సిరా మరక లేదు. కూర్చునేటప్పుడు ముందు అత్తగారు ఎక్కడ కూర్చున్నారో చూసి కూర్చుంటోంది. బాగున్నావా నాగరత్నా అంది. నాగరత్న. హాజరు పిలిచినట్టు ఉంది.

భోజనాల దగ్గర నారాయణమ్మ మంచిగానే మాట్లాడింది. కోడలి చదువు కదిరిలో వాళ్ళ షాపుకు ఎంత పనికొస్తోందో చెప్పింది. బెంగుళూరు వ్యాపారులకు ఇంగ్లీషులో ఉత్తరాలు ఈమే రాస్తుందట. నీ చదువు ఏం చేస్తాండావు పాపా అని నన్నడిగింది. యుద్ధం అని నోటిదాకా వచ్చింది. ఇంట్లోనే ఉన్నానన్నాను.

ఆకువక్కల దగ్గర పెద్దవాళ్ళు కింద ఉండిపోయారు. మేమిద్దరం మిద్దెక్కాం.

గడపలోనే ఆగింది. నది, రేవులు, చుక్కలు, తన పచ్చ కండెలు అన్నీ చూసింది. చేత్తో నోరు మూసుకుని నవ్వింది. "అయ్యో, నువ్వింకా..." అని ఆపేసింది. తర్వాత వచ్చి తన చాప పక్కన నిలబడింది. చాప మీద కాదు. వంగి నిజాంషా కండె మీదికి చేయి చాచింది. బొట్టు చూసి చేయి వెనక్కి తీసుకుంది.

"పూజ చేసినారా?"

"తుడిచేస్తా. ఇప్పుడే తుడిచేస్తా. బండికి ఇంకా మూడు గంటలుంది. నది దాటేది వద్దు, నేరుగా యుద్ధానికే పోదాం. నువ్వు కూర్చో."

కొంగు చివర తడిపి నిజంగానే ఒక ఫిరంగి తుడవబోయాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"వద్దులే. పూజ చేసినేటివి కదా. తాకగూడదు."

హాస్టల్లో ఒక నవమికి వార్డెనమ్మ మా పుస్తకాలన్నీ సరస్వతి పటం ముందు పెట్టించి, ఎవరూ ముట్టుకోరాదని తాళం వేస్తే, "గవ్వలు పుస్తకాలు కాదు మే" అని పరుపు కింద నుంచి తీసి వేసిన మనిషి. ఆ రోజు చీకటిపడేదాకా ఆడాం. నేను ఆ సంగతి ఎత్తాను. గుర్తుందని తలూపింది. గుర్తున్నవాళ్ళు అలా ఊపరు.

"కౌసల్యా, ఇక్కడ అత్త లేదు, అవ్వ లేదు. మనమే ఉన్నాం."

"తెలుసు."

అప్పుడు అంది, నా చెంప మీద వేళ్ళు ఆనించి, మెల్లగా:

"నువ్వే గెలిచినావనుకో రత్నా. ఇన్నేండ్లకు మీ పెనుకొండోళ్ళే గెలిచినారు. సరేనా?"

అలా అంది. జ్వరంలో ఉన్నప్పుడు కూడా ఒక్క గవ్వ వదలనిది, నాలుగు వందల ఏళ్ళ యుద్ధాన్ని నిలబడి ఇచ్చేసింది. మూడేళ్ళు ఈ మాట కోసమే కదా బతిమాలాను. ఇవాళ ఆ మాట వింటే ఆమె ధర్మవరంలోనే, ఆ మగ్గం గదిలోనే, ఎక్కడో ఉండిపోయినట్టుంది.

సరేనన్నాను. ఆమె భుజాలు దిగాయి. నేను చూశాను. ఆమెకు పూజ భయం లేదు. ఆ చాప మీద కూర్చోవడమే భయం. కూర్చుంటే మళ్ళీ లేవలేనేమోనని. లేక అలా అనుకోవడం నాకు బాగుంటుందని అనుకుంటున్నానా?

పోయేటప్పుడు నీ సైన్యం తీసుకుపోతావా అని అడిగాను. "నీ కాడే ఉండనీ. ఆడ పెట్టుకునేకి జాగా యాడుండాది" అంది. అవ్వ ఇద్దరికీ తాంబూలమిచ్చింది. నారాయణమ్మ నన్ను కదిరి రమ్మంది, నరసింహస్వామి తేరుకు. జట్కా మలుపు తిరిగేటప్పుడు కౌసల్య ఇటు చూసింది. చేయి ఎత్తింది. నేనూ ఎత్తాను.


అక్టోబరు 5, మంగళవారం. విజయదశమి

జమ్మికి వెళ్ళి వచ్చాం. అందరూ అందరికీ ఆకు పెట్టారు. అవ్వ, ఇంక ముట్టుకోవచ్చు మే అంది. రేపటికి గది కావాలని నాయన గుర్తు చేశాడు, మొహమాటపడుతూనే.

పొద్దు ఇంకా ఉండగానే మిద్దెక్కాను. నా చాప మీద కూర్చుని గవ్వలు చేతిలోకి తీసుకున్నాను. గెలిచినదాన్ని కదా, ఏం చేయాలో తోచలేదు.

తర్వాత లేచి, కృష్ణ దాటి, ఆమె చాప మీద కూర్చున్నాను.

ఎప్పుడూ అటు కూర్చోలేదు. ఒక్కసారి కూడా. దిక్కులు తప్పకూడదు, విజయనగరం దక్షిణం, కాబట్టి నేనెప్పుడూ దక్షిణమే. ఈ గదికి కిటికీ దక్షిణానికే ఉంది. హాస్టలు గదికీ అంతే. ఆ వైపు నుంచి చూస్తే, నా చాప వెనక వెలుతురు తెల్లగా నిలబడి ఉంది. నా దిండు నల్లటి ముద్దలాగా ఉంది. అక్కడ మనిషి కూర్చుంటే తల, భుజాలు కనపడతాయి. ముఖం కనపడదు.

నేను ఆమెను చూస్తూనే ఉన్నాను మూడేళ్ళూ. మోసం చేయబోయే ముందు కింది పెదవి కొరకడం, గవ్వలు విసిరేటప్పుడు ఊపిరి బిగబట్టడం, ఎండ ముక్కు మీద పడితే కళ్ళు చికిలించడం. అన్నీ చూశాను. ఆమెకు నా వైపు నుంచి వచ్చింది వెలుతురు, అందులో ఒక నల్లటి ఆకారం. నేను ఎలా చూసేదాన్నో ఆమె ఏనాడూ చూడలేదు. నిన్న నిలబడి ఉన్నప్పుడు చూసిందేమో. అందుకే ఇచ్చేసిందేమో.

ఆమె ఆడినట్టే ఆడాను. నది వెంట రెండు రోజులు నటించి, మూడో రోజు దాటించాను. ఫిరంగులను విలుకాళ్ళ వెనక దాచాను. నా వెంకటాద్రి బాగానే వచ్చాడు, పాపం, తోక లేని గుర్రం మీద. వదల్లేదు. తిరుమలరాయలను తరిమాను. మధ్యలో పల్లకి దగ్గర మావాళ్ళు చుట్టూ నిలబడితే విలుకాళ్ళను పక్కకు తీసి ఫిరంగులన్నీ ఒక్కసారి పేల్చాను. గవ్వలు ఆరూ వెల్లకిలా పడ్డాయి.

రామరాయలను నేనే పడుకోబెట్టాను.

అవ్వ కింది నుంచి దీపం తేవాలా అని అడుగుతోంది. ఇంకా అక్కర్లేదన్నాను. ఇటు కూర్చుంటే ఉన్న వెలుతురంతా నేరుగా ముఖం మీద పడుతోంది. దాచుకునే వీలు లేదు. ఎదుట చాప మీద ఎవరూ లేరు, చూడడానికి.